ఏడేళ్లు, మూడు అద్దె ఇళ్లు, రెండు ప్లైవుడ్ బోర్డులు: నా మోడల్ రైల్వే ఇప్పటిదాకా ఎలా నడిచిందంటే

ముందే చెప్పేస్తాను, ఇది నా రెండో లేఅవుట్, అంటే బొమ్మ రైలు పట్టాలూ సీనరీ కలిపి కట్టిన బల్ల. మొదటిది 2016లో కట్టాను, 18 నెలలు బతికింది, దాన్ని చంపింది నేనే. అప్పట్లో పుణె వెళ్లినప్పుడు కోత్రూడ్‌లో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను, 1998 నుంచీ నడుస్తున్నది. అది చూసొచ్చాక బుర్ర పనిచెయ్యలేదు. వారం తిరక్కుండా 19 ఎంఎం ప్లైవుడ్ తెచ్చి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున బల్ల కొట్టించాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. ఆ స్కేల్లో ఇంట్లో అందరూ వాడే వంపు వ్యాసార్థం 18 అంగుళాలు, కాబట్టి బండి ఒక చుట్టు తిరిగి రావడానికే మూడడుగుల పైన వెడల్పు కావాలి. చట్రంతో కలిపి బల్ల 30 కిలోలు దాటింది. ఇల్లు మారినప్పుడు కొత్త ఇంటి మెట్ల మలుపులో అది ఎటు తిప్పినా తిరగలేదు. ఇద్దరు హమాలీలు, నేను, మా బావమరిది కలిసి అరగంట కుస్తీ పట్టి కిందికి దించేశాం. ఇప్పుడది మా పాత వీధిలో ఇస్త్రీ బండి మీద బల్ల. బాగా పనికొస్తోందట.

ఆ దెబ్బతో నాకు తెలిసొచ్చింది ఒకటే. ఎత్తడానికి రెండో మనిషి కావాలంటే అది పోర్టబుల్ కాదు, సామాను. ఇంకో కొలత కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 'బండి నడుపుదాం' అనిపించిన క్షణం నుంచి బండి నిజంగా కదిలేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందన్నది. పది దాటితే ఆ లేఅవుట్ మంచం కిందే ఉండిపోతుంది, మీరెంత బాగా కట్టినా సరే.

2018 దసరా సెలవుల్లో ఎన్ స్కేల్లో మళ్లీ మొదలుపెట్టాను. పట్టాల మధ్య దూరం 9 ఎంఎం. మన రైళ్లలో ఎల్‌హెచ్‌బీ అనే కొత్త తరహా పెట్టె అసలు పొడవు 23 మీటర్లన్నర, 160వ వంతు చేస్తే 15 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, ఆరేడు పెట్టెల బండి కూడా మీటరు చిల్లరలో సర్దుకుంటుంది. హెచ్‌ఓలో ఒక్కో పెట్టే 27 సెంటీమీటర్లు. అద్దె ఇంట్లో ఉండేవాడికి ఈ లెక్క చాలు, ఇక వాదన అక్కర్లేదు.

బోర్డులు రెండు, ఒక్కోటి 36 అంగుళాల పొడవు, 27 అంగుళాల వెడల్పు. ఈ 27 ఎక్కణ్నుంచి వచ్చిందంటే మా కారు వెనక తలుపు నుంచి. ప్లైవుడ్ కోయించే ముందు టేపు పట్టుకుని కారు తలుపు, లిఫ్టు, మెట్ల మలుపు, అటక, మంచం కింద ఎత్తు అన్నీ కొలిచి చిన్నది ఏదో దానికి కట్టుబడ్డాను. పైన 6 ఎంఎం ప్లై, చుట్టూ నాలుగంగుళాల ఎత్తున 9 ఎంఎం పట్టీలు, ప్లై మీద ఒక అంగుళం మందం గట్టి ఫోమ్ షీటు, గోడలకి వేడి తగలకుండా వేసే నీలం రంగుది. మామూలు థర్మోకోల్ వద్దు, పూసలు పూసలుగా రాలి ఇంజిన్ గేర్లలోకి దూరుతుంది. అన్నీ పూర్తయ్యాక ఒక్కో బోర్డు ఏడు కిలోలు తూగింది. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా ఒక్కతే ఎత్తి టేబుల్ మీద పెట్టేది. రెండింటినీ ఎదురెదురుగా బోర్లించి, రెండు చివరలా చెక్క పలకలు బిగిస్తే పెట్టె అవుతుంది. మధ్యలో ఎనిమిదంగుళాల ఖాళీ, అందులో చెట్లూ ఇళ్లూ భద్రంగా ఉంటాయి. కొండ మాత్రం విడిగా, కింద అయస్కాంతాలతో. అది తొమ్మిదంగుళాలు వచ్చేసింది మరి, ఎంత చెప్పినా నా చెయ్యి ఆగలేదు.

పట్టాలు కాటో కంపెనీ యూనిట్రాక్, కింద కంకర రూపం ప్లాస్టిక్ గట్టుతో కలిసే వస్తుంది. తిన్నగా ఉండే ముక్క 248 ఎంఎం, వంపులకి 282 ఎంఎం వ్యాసార్థం వాడాను, 27 అంగుళాల బోర్డులో చుట్టూ కాస్త జాగా వదిలి సరిపోతుంది. దిగుమతి సరుకు కాబట్టి కస్టమ్స్‌తో కలిపి బిల్లు చూసుకుంటే గుండె ఝల్లుమంటుంది, కానీ ఏడేళ్లలో ఒక్క ముక్క మార్చలేదు. ఊడదీసి తగిలించడంలో వదులైన జాయినర్లు, అంటే పట్టా ముక్కల్ని కలిపే క్లిప్పులు, ఓ డజను మార్చానేమో.

అసలు కథ రెండు బోర్డులు కలిసే చోట ఉంది. ఈ సమీక్షలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఎన్ స్కేల్లో చక్రం పట్టా మీంచి జారకుండా ఆపే అంచు మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి అతుకు దగ్గర కాగితం మందం తేడా వచ్చినా బండి ఎగురుతుంది, తేడా ఇంకాస్త పెరిగితే పడుతుంది. మొదట చెక్క గూటాలు పెట్టాను, ఒక బోర్డుకి గూటం, రెండోదానికి రంధ్రం. దసరాకి భేషుగ్గా పనిచేశాయి, జులై వానలకి ఉబ్బి రంధ్రాల్లో బిగుసుకుపోయాయి, లాగితే ఒకటి లోపలే విరిగింది. తర్వాత రెక్కల నట్లున్న బోల్టులు. గట్టిగా పట్టుకుంటాయి గానీ సరిగ్గా అదే చోట కూర్చోవు, ప్రతిసారీ కళ్లు చికిలించి సర్దాలి. చివరికి నన్ను గట్టెక్కించింది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న మామూలు తలుపు కబ్జాలు (మడతబందులు). రెండు బోర్డుల్నీ గట్టిగా క్లాంపు చేసి, అతుకుకి రెండు పక్కలా బయటివైపు చెరో కబ్జా బిగించి, ఆ తర్వాత లోపలి పిన్ను కొట్టి తీసేసి దాని స్థానంలో తలలేని మేకు వేశాను. మేకు పైకి లాగితే బోర్డులు విడిపోతాయి, దింపితే సరిగ్గా పాత చోటే కలుస్తాయి. రెండు మేకులు, అంతే. వీటి ఖర్చు నేను సీనరీకి తగలేసిన దాంట్లో పదో వంతు కూడా కాదు.

పట్టాల అతుకు సంగతి వేరే. వెనక లైనుకి మొదట కావలసినట్టు వంచుకునే పొడుగు ఫ్లెక్స్ పట్టా వేసి, బోర్డు అంచున ఇత్తడి స్క్రూలు దింపి, పట్టాని వాటికి టంకం పెట్టి, అతుకు దగ్గర సన్నటి రంపంతో కోశాను. పుస్తకం పద్ధతి. తర్వాత ఎక్కడా సందు కనపడకుండా రెండు చివరలూ ఆనించేశాను కూడా, అందంగా ఉంటుందని. 2019 మే నెల, మల్కాజిగిరిలో పై అంతస్తు ఇల్లు, మధ్యాహ్నం పూట గదిలో నిలబడలేం. బండి వెనక లైన్లో ఒకే చోట పడుతోంది. మా కింద వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు, కాజీపేట వైపు కీమన్‌గా చేసి రిటైరయ్యారు, రోజూ కిలోమీటర్లకొద్దీ పట్టా వెంట నడిచి దాన్ని పట్టి ఉంచే బిగింపులు సరిచూసిన మనిషి. మా అబ్బాయి ఆయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు తీసి, బోర్డుకి చెంప ఆనించినంత కిందికి వంగి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూశారు.

"ఇగో, ఈడ బొజ్జ వచ్చింది చూడు బిడ్డా. ఎండకు పట్టా సాగుతది, జాగ ఇయ్యకుంటే యాడికి పోతది? పక్కకు దుంకుతది."

నేను లెక్క వేశాను. 900 ఎంఎం పట్టాకి 25 డిగ్రీల తేడా వస్తే పెరిగేది అర మిల్లీమీటరు లోపే. ఇంతేనా అనిపిస్తుంది, కానీ రెండు చివరలా టంకంతో కట్టేశాక ఆ కాస్త పొడవూ మధ్యలో పక్కకి ఉబ్బాల్సిందే, పైగా అదే ఎండకి ప్లైవుడ్ ఆరి ఇంకాస్త లాక్కుంటుంది. అసలు రైల్వేలో వేసవి వస్తే పట్టాల మీద ప్రత్యేకంగా గస్తీ తిరిగేది ఇందుకే, ఆయన అలాంటి మధ్యాహ్నాలు ఎన్నో నడిచారు. ఆ వారమే ఫ్లెక్స్ పట్టా మొత్తం పీకేసి వెనకా యూనిట్రాకే వేశాను. అతుకు దాటే మూడు లైన్లకీ 78 నుంచి 108 ఎంఎం దాకా సాగే ఎక్స్‌పాన్షన్ ముక్క పెట్టాను. బోర్డులు కలిపాక దాన్ని వేలితో లాగి తగిలించడమే. ఆ తర్వాత ఆరు ఎండాకాలాలు గడిచాయి, ఆ చోట బండి పడలేదు.

ఆయనే ఇంకో తప్పు పట్టారు. లూప్ లైను (స్టేషన్లో బండి పక్కకి తప్పుకుని ఆగే లైను) మెయిన్ లైన్లో కలిసే చోట చూపించి "ఫౌలింగ్ మార్కు ఏది?" అన్నారు. లూప్‌లో ఆగిన బండి ఆ గుర్తు దాటి ముందుకొస్తే పక్క లైన్లో వెళ్లే బండి దాన్ని గీరుకుంటుంది. నా బండ్లు అలా గీరుకున్నవే, ఒక పెట్టె మీద గీత ఇప్పటికీ ఉంది. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి (రిటైరైనా జేబులో సుద్దముక్క ఎందుకో నేను అడగలేదు) రెండు లైన్ల మధ్య చిన్న తెల్ల చుక్క పెట్టారు. తర్వాత దాని మీదే పెయింటు వేశాను.

కరెంటు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 12 వోల్టుల డీసీ, రెండు మందపాటి వైర్లు బోర్డు కింద పొడుగునా, వాటినుంచి ప్రతి మీటరుకీ పట్టాకి సన్న వైర్లు. బోర్డుల మధ్య పాత ప్రింటర్ కేబుల్ 25 పిన్నుల కనెక్టర్, కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే కరెంటు వచ్చే వైపు పిన్నులు బయటికున్న కొస పెట్టడం, విప్పినప్పుడు ఏ స్క్రూ తగిలినా షార్టే. రంధ్రాలున్న కొస అటు ఉండాలి. ఇంకోటి, ఇంట్లో మిగిలిన ఎర్ర వైరు చుట్ట ఉందని మొత్తం ఎర్ర వైరే వాడాను. ఏడేళ్లుగా దాని పాపం అనుభవిస్తున్నా. ఒకే పట్టా మీద ఒక్కో బండినీ విడిగా నడిపించే డిజిటల్ పద్ధతి డీసీసీకి వెళ్లలేదు, రెండు బండ్లకి అంత హంగామా అనవసరం అని నా అభిప్రాయం.

సీనరీలో చాలావరకు వంటింటి సరుకే. జల్లించిన ఎర్రమట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు, పచ్చరంగు వేసిన రంపపు పొట్టు. వాడేసిన టీపొడి కూడా జల్లాను, అడుగున ఎండుటాకుల్లా అద్భుతంగా ఉంటుంది, ఆగస్టులో బూజు పడితే మాత్రం ఊరంతా మంచు కురిసినట్టు తెల్లబడింది. పూర్తిగా ఎండబెట్టి వేయించాక వేస్తే ఇప్పటిదాకా బాగానే ఉంది. కార్డుతో చేసిన స్టేషను పైకప్పుని వెండిపురుగులు తిన్నాయి, పునాది వదిలేశాయి. స్ప్రే పెయింటు కొడితే ఫోమ్ కరిగిపోతుంది, ఇది మీరూ ఒకసారి చేసి తెలుసుకుంటారు, చెప్పినా వినరు. మన దక్కను గుండ్లు పేర్చినట్టుండే కొండకి మొదట నిజం రాళ్లే అతికించాను, బోర్డు ఒక పక్కకి వాలిపోయింది. ఇప్పుడున్నవి ఫోమ్‌తో చెక్కినవి. వాటి పక్కనుంచి వెళ్లేది జపాన్ బండి, ఆ విడ్డూరం నాకూ తెలుసు. ఎన్ స్కేల్లో మన ఇంజిన్లు దొరకడం కష్టం, పైగా మన బ్రాడ్‌గేజ్ 1676 ఎంఎంని 160తో భాగిస్తే 10 ఎంఎంన్నర రావాలి, 9 ఎంఎం పట్టా మీద మన డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ నిలబెడితే తెలిసినవాడికి కాళ్లు దగ్గర పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

ప్రయాణాలకి ఇబ్బంది లేదు. వరంగల్‌లో మా అక్క ఇంటికి మూడుసార్లు వెళ్లొచ్చింది, రెండుసార్లు ఇల్లు మారింది. ఒకసారి కొత్త ఇంటికి సామాను దించినవాళ్లు పెట్టెని నిలువుగా నిలబెట్టారు, లోపల సిగ్నల్ స్తంభాలు రెండు విరిగాయి. పెట్టె మీద బాణం గుర్తు వెయ్యలేదు, తప్పు నాదే. దుమ్మే నిజమైన శత్రువు. నెల రోజులు మూసి ఉంచితే పట్టాలు నల్లబడతాయి, గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిస్తే రెండు నిమిషాల పని. మొదట్లో గరుకు కాగితంతో రుద్దేవాణ్ని, అది గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి పట్టుకుంటుంది. తప్పు తెలిసేసరికి ముందు లైను సగం పాడైంది.

ఇప్పుడు మొదలుపెడితే ఇలాగే కడతానా అంటే, అచ్చంగా ఇలాగే కాదు. టీ-ట్రాక్ అని ఒక పద్ధతి ఉంది, జపాన్‌లో పుట్టింది. ఒక్కో ముక్క అడుగు పొడవు చిన్న పెట్టె, టేబుల్ మీద వరసగా పేర్చి పట్టాలు తగిలించడమే. పెట్టె 308 ఎంఎం, దాని మీద పట్టా 310 ఎంఎం (248కి 62 కలిపి), ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పట్టాలు కలుస్తాయి, పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టుకోవు. నేను కబ్జాలూ మేకులతో ఏడాదిన్నర కుస్తీ పట్టి సాధించింది వాళ్లు ఆ రెండు మిల్లీమీటర్లతో సాధించారు. ఒంటరిగా ఉండేవాళ్లకి, గది చిన్నదైనవాళ్లకి నేనైతే అదే చెబుతాను. కాకపోతే కొండ, లూప్ స్టేషను, వంపు తిరిగి కనుమరుగయ్యే బండి, ఇవన్నీ ఒకే చూపులో కావాలంటే బోర్డుల లేఅవుట్టే.

భోజనాల బల్ల మీద బట్ట పరచడం, రెండు బోర్డులు, రెండు మేకులు, మూడు పట్టా ముక్కలు, ఒక కేబుల్, కొండ. నిన్న టైము చూసుకున్నాను, ఎనిమిది నిమిషాలు. "ఏమండీ, చపాతీలు ఎక్కడ పెట్టాలి?" అని మా ఆవిడ అడిగేసరికి బండి రెండో చుట్టులో ఉంది. మూడో బోర్డు కడదామని అబ్బాయి పోరుతున్నాడు, ప్లాను కూడా గీశాడు. కారు వెనక సీట్లో ఇంక చోటు లేదు కాబట్టి కట్టడం లేదు.