ఆర్‌డీ: ఇక్కడిదా, అమెరికాదా?

మిర్యాలగూడలో ఉండే మా అక్క బిడ్డ డిగ్రీలో న్యూట్రిషన్ చదువుతోంది. "చిన్నమ్మా, ఆర్‌డీ ఇక్కడ చేయాల్నా, అమెరికా పోవాల్నా?" అని అడిగింది. ఆర్‌డీ అంటే రిజిస్టర్డ్ డైటీషియన్, పరీక్ష పాసై తెచ్చుకునే ఆహార నిపుణుల గుర్తింపు. రెండు చోట్లా పేరు దాదాపు ఒకటే గానీ దారులు వేరు.

ఇక్కడ ఆర్‌డీ పరీక్ష పెట్టేది ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్. న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ గానీ, డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా గానీ చదివి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి పరీక్ష రాయాలి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన కేంద్ర చట్టం డైటీషియన్లనూ తన పరిధిలోకి తెచ్చింది.

అమెరికాలో మొదట చూడాల్సింది కోర్సునే. అది అక్కడి అక్రెడిటేషన్ సంస్థ ఏసెండ్ గుర్తించినదై ఉండాలి. కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి. ఒకప్పుడు బ్యాచిలర్స్ సరిపోయేది. 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ లేనిదే పరీక్షకు అర్హత లేదు. పాసయ్యాక కూడా వృత్తిలో చదువు ఆపలేదని ఐదేళ్లకోసారి 75 యూనిట్ల నిరంతర విద్య చూపించాలి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు మళ్లీ వేరే. మన డిగ్రీ పట్టుకుపోతే ముందు దాన్ని మదింపు చేయించాలి. దాంతోనే పరీక్ష రాయొచ్చనుకుని అప్పు చేసి పోవద్దు, కోర్సు గుర్తింపు చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

నా మనసు ఇక్కడి ఆర్‌డీ వైపే. అమెరికాలోనే స్థిరపడాలని గట్టిగా ఉంటే మాత్రం మాస్టర్స్ అక్కడే మేలు. మన దగ్గర షుగర్ వచ్చిన పెద్దమ్మకు అన్నం ఎంత, జొన్నరొట్టె ఎన్ని అని ఆమె మాటలోనే చెప్పే మనిషి కావాలి. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన నల్లగొండ ఊళ్లలో కాల్షియం గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సిన పని ఇంకా ఉంది, బిడ్డా.