ఒక్క మారథాన్ ప్రసంగమా, రోజూ నాలుగు మాటలా: ఎగువ సభలో ఏది మేలు?

2025 మార్చి 31 సాయంత్రం అమెరికా సెనేట్‌లో మాట్లాడటం మొదలుపెట్టిన న్యూజెర్సీ సెనేటర్ కోరీ బుకర్ 25 గంటల 5 నిమిషాల తర్వాత గానీ కూర్చోలేదు. అప్పటి నుంచి పాఠకులు, ముఖ్యంగా అక్కడ స్థిరపడిన తెలుగువారు, పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. ప్రజా విధానాల మీద నిర్మొహమాటంగా మాట్లాడే సభ్యుడు దేశమంతా తలతిప్పి చూసేలా ఒక్కసారి గంటల తరబడి నిలబడటం మేలా, లేక ఒకే విషయాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మాట్లాడుతూ పోవడం మేలా? రెండింటికీ సెనేట్ చరిత్రలో గట్టి ఉదాహరణలున్నాయి. వాటిని నేను ఒకే కొలతతో చూస్తాను: సభలో పలికిన మాట చివరకు చట్టంలోకి చేరిందా, లేదా?

మొదట సుదీర్ఘ ప్రసంగాల సంగతి. బుకర్ కంటే ముందు రికార్డు 1957 ఆగస్టులో 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిన స్ట్రామ్ థర్మండ్‌ది. నల్లజాతి పౌరుల ఓటు హక్కుకు రక్షణ కల్పించే బిల్లును ఆపాలని ఆయన అంతసేపు నిలబడ్డారు. ఆయన కూర్చున్న కొద్ది గంటల్లోనే బిల్లు సభ ఆమోదం పొందింది. 1953 ఏప్రిల్‌లో ఓరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్ తీరప్రాంత చమురు నిక్షేపాలను రాష్ట్రాలకు అప్పగించవద్దని 22 గంటల 26 నిమిషాలు వాదించారు. మే నెల ముగిసేలోపే ఆ చట్టం వచ్చేసింది. ఉద్దేశం అన్యాయమైనదైనా, న్యాయమైనదైనా ఫలితం మాత్రం ఒక్కటే అయింది. బుకర్ ప్రసంగమైతే ఏదో ఒక బిల్లును అడ్డుకోవడానికి చేసింది కూడా కాదు. అలాగని ఈ మార్గాన్ని తీసిపారేయలేము. సంఖ్యాబలం లేని పక్షానికి దేశం దృష్టిని ఒక విషయం మీదికి మళ్లించడం చిన్న పనేమీ కాదు, ఆ పనిని ఇంత బాగా చేసే సాధనం సభలో మరొకటి లేదు. అయితే ఆ దృష్టి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాట్లాడిన సభ్యుడి చేతిలో ఉండదు.

ఇక రెండో మార్గం. నా మొగ్గు ఇటువైపే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న జాతి నిర్మూలన నిరోధక ఒడంబడికను ఆమోదించింది. దానిని ధ్రువీకరించాలని కోరుతూ అధ్యక్షుడు ట్రూమన్ 1949లో సెనేట్‌కు పంపగా, అది అక్కడే ఆగిపోయింది. అమెరికా పౌరులను విదేశీ న్యాయస్థానాల ముందు నిలబెడతారన్న భయం ఒకటైతే, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారిపై జరిగిన మూక హత్యలు విచారణకు వస్తాయేమోనన్న అనుమానం మరొకటి. పైగా దేశంలోని న్యాయవాదుల ప్రధాన సంఘమే ఆ ఒడంబడికను వ్యతిరేకించింది. అది అలా మూలనపడి ఉండగా, విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1967 జనవరి 11న లేచి, దీనిని ధ్రువీకరించేంత వరకు సభ జరిగే ప్రతిరోజూ దీని గురించి మాట్లాడతానని ప్రకటించారు. అన్నమాట ప్రకారం 19 ఏళ్ల పాటు మాట్లాడారు. మొత్తం 3,211 ప్రసంగాలు.

అవి చాలావరకు కొద్ది నిమిషాల ప్రసంగాలే. వినడానికి సభలో సభ్యులు పెద్దగా ఉండేవారు కాదు. అయినా నిన్నటి ప్రసంగాన్నే ఈ రోజూ చదివే అలవాటు ఆయనకు లేదు. ఒక రోజు బంగ్లాదేశ్, మరో రోజు కంబోడియా, ఇంకో రోజు రాజ్యాంగం గురించిన ఒక అభ్యంతరానికి సమాధానం, ఇలా ప్రతిసారీ ఒక కొత్త కోణం ఉండేది. ఈ పద్ధతి బలం అంతా ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. ఒకే ప్రసంగంలో పది అభ్యంతరాలకు జవాబు చెబితే వినేవారికి ఒకటో రెండో గుర్తుంటాయి. ఒక్కో రోజు ఒక్కో అభ్యంతరాన్ని తీసుకుని జవాబు చెబితే, కొన్నేళ్లకు ఎదుటివారి దగ్గర కొత్త వాదన మిగలదు. రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు ఎన్నికను ఎదుర్కొనే సభలో, కొత్తగా వచ్చిన ప్రతి సభ్యుడూ ఆ వాదనను మొదటి నుంచి వినే అవకాశం ఉంటుంది. 1976లో న్యాయవాదుల సంఘం తన వైఖరిని మార్చుకుంది. 1984లో అధ్యక్షుడు రీగన్ మద్దతు ప్రకటించారు. 1986 ఫిబ్రవరి 19న సెనేట్ 83–11 ఓట్లతో ఒడంబడికను ధ్రువీకరించింది. దాన్ని అమలు చేసే చట్టం మీద 1988 నవంబరులో రీగన్ సంతకం చేశారు. ఆ చట్టానికి ప్రాక్స్‌మైర్ పేరే పెట్టారు. అంతర్జాతీయ న్యాయస్థానం విషయంలో సెనేట్ పెట్టిన షరతులు ఒడంబడికను కొంత పలుచన చేశాయన్న విమర్శ సరైనదే. అయినా జాతి నిర్మూలన అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరంగా మారింది.

ఇదే ప్రాక్స్‌మైర్ 1981లో ప్రభుత్వ రుణ పరిమితిని లక్ష కోట్ల డాలర్లు దాటించవద్దని 16 గంటలకు పైగా ఏకధాటిగా ప్రసంగించారు. ఆ పరిమితి పెరిగింది. ఒకే మనిషి రెండు మార్గాలనూ ప్రయత్నించి చూశారు కాబట్టి, ఈ పోలికకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు తెలిసి లేదు.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చినది మాత్రం వేరొకటి. ప్రజాధనం వృథా చేశారంటూ 1975 నుంచి ప్రభుత్వ సంస్థలకు ‘గోల్డెన్ ఫ్లీస్’ అవార్డులు ప్రకటించేవారు. కోతులు దవడలు బిగించడంపై పరిశోధన చేసిన ఒక శాస్త్రవేత్త ఆయన మీద పరువునష్టం దావా వేశారు. సభలో చేసిన ప్రసంగానికి ఉన్న రక్షణ పత్రికా ప్రకటనలకు, నియోజకవర్గ లేఖలకు వర్తించదని 1979లో సుప్రీంకోర్టు తేల్చింది. చివరకు ప్రాక్స్‌మైర్ పది వేల డాలర్లు చెల్లించి, సెనేట్‌లోనే క్షమాపణ చెప్పారు. సభలో మాటకు మాటతో జవాబిచ్చే ప్రత్యర్థి ఉంటాడు, బయటి ప్రకటనకు ఆ అదుపు ఉండదు. వీడియో ముక్కల కోసమే మాట్లాడే నేటి సభ్యులు, అమెరికాలోనైనా, ఇక్కడైనా, ఈ కేసును ఒకసారి చదవడం అవసరం.

మాట చట్టంలోకి చేరడం గురించి ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో పునర్విభజన బిల్లుపై చర్చలో ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల పాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రకటించారు. పదేళ్లు కావాలని వెంకయ్య నాయుడు పట్టుబట్టారు. బిల్లును సవరిస్తే మళ్లీ లోక్‌సభకు పంపాలి, ఆ లోక్‌సభ చివరి సమావేశాలు మరునాటితో ముగుస్తున్నాయి. అందువల్ల హోదా సభలో ఇచ్చిన హామీగానే మిగిలింది, చట్టంలో ఎక్కలేదు. 2016 సెప్టెంబరులో దాని స్థానంలో ప్రత్యేక ప్యాకేజీని ప్రకటించినప్పుడు, ఆ హామీని అమలు చేయించడానికి పట్టుకునే సెక్షన్ ఒక్కటీ లేకపోయింది. ఎంత పెద్ద పదవిలో ఉన్నవారు సభలో ఎంత స్పష్టంగా చెప్పినా, సవరణగా మారని మాటకు ఎంత బలం ఉంటుందో ఆ రెండేళ్లలోనే తెలిసింది.

సభ్యుల చేతిలో ఉన్న మిగతా సాధనాలకు ఎక్కువ చోటు అక్కర్లేదు. జీరో అవర్, ప్రత్యేక ప్రస్తావనలు స్థానిక సమస్యలకు సరిపోతాయి. స్థాయీ సంఘాల్లో అడిగే ప్రశ్నలు విలువైనవే గానీ, మన దగ్గర అవి తలుపులు మూసి జరుగుతాయి. ప్రైవేటు సభ్యుల బిల్లుల్లో ట్రాన్స్‌జెండర్ల హక్కులపై తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించడం అరుదైన మినహాయింపు.

నా మొగ్గు ప్రాక్స్‌మైర్ మార్గం వైపేనని చెప్పాను. దానికున్న పరిమితి కూడా చెప్పాలి: అది 19 ఏళ్లు తీసుకుంది, ఆ మధ్యలోనే కంబోడియాలో మారణహోమం జరిగింది. వ్యవధి లేని చోట ఆ మార్గం పనికిరాదు. 1964 ఆగస్టు మొదటి వారంలో వియత్నాం తీరంలో అమెరికా నౌకలపై జరిగాయన్న దాడులను చూపి అధ్యక్షుడు జాన్సన్ సైనిక చర్యకు అధికారం కోరగా, 7వ తేదీకల్లా ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో ఆమోదించాయి. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చిందని, దాన్ని అధ్యక్షుడికి అప్పగించే హక్కు సభకు లేదని వాదించినవారు మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్, ఆ ఇద్దరే. 1968 ఎన్నికల్లో ఇద్దరూ ఓడిపోయారు. 1971లో ఆ తీర్మానం రద్దయింది. అధ్యక్షుడి యుద్ధాధికారానికి గడువు విధించే చట్టాన్ని 1973లో కాంగ్రెస్ నిక్సన్ వీటోను కాదని తెచ్చింది. మూడు రోజుల్లో తేలిపోయే తీర్మానం ముందుకు వచ్చినప్పుడు, రోజుకు నాలుగు మాటలు చొప్పున మాట్లాడుకుంటూ పోయే వీలు ఉండదు. అప్పుడు గంటలు లెక్కచూడకుండా ఉన్నదంతా ఆ ఒక్క చర్చలోనే చెప్పి, ఓడిపోతుందని తెలిసినా ‘కాదు’ అని ఓటు వేయడమే మేలు.