పాలు కొలవాలా, తూచాలా?

గిద్ద, సోల, తవ్వ, మానిక: ఈ పాత కొలతలన్నీ పాత్ర నింపి కొలిచేవే. బియ్యానికీ పాలకీ నేతికీ ఒకే గిద్ద వాడితే పాళ్లు తప్పవు, పాయసం చెడదు. అందుకే కప్పు కొలతను నేను తీసిపారేయను. చిక్కల్లా ఎవరి కప్పుతోనో రాసిన వంటకాన్ని మన కప్పుతో చేసినప్పుడే. అమెరికా కప్పు దాదాపు 237 మి.లీ., ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. గ్రాము మాత్రం ఎక్కడైనా గ్రామే.

పాల వరకూ చూస్తే కాటా అక్కర్లేదు. మిల్లీలీటరు పాలు సుమారు 1.03 గ్రాములు తూగుతాయి. అర లీటరు ప్యాకెట్‌లో ఉండేది 515 గ్రాములన్నమాట. పాల కేంద్రంలో పాలు పోసేవాళ్లకిది తెలిసిన సంగతే: పాల సాంద్రత చూసే పరికరం లాక్టోమీటర్ 28 చూపిస్తే సాంద్రత 1.028, అంటే మిల్లీలీటరుకు అన్ని గ్రాములని లెక్క. పాలలోని చక్కెర, మాంసకృత్తులు, లవణాలు నీటికన్నా బరువు, వెన్న తేలిక. అందుకే వెన్న తీసిన పాలే కాస్త ఎక్కువ తూగుతాయి. మజ్జిగదీ దాదాపు ఇదే లెక్క. పెరుగు కూడా అంతే, కాకపోతే గడ్డ పెరుగును కప్పులో వేస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. చిలికి పోస్తే సరి.

క్రీమ్ ఇంకా సులువు. బజారులో దొరికే 25 శాతం కొవ్వున్న క్రీమ్‌కి మిల్లీలీటరుకు ఒక గ్రాము అనుకుంటే చాలు. గిలకొట్టాక మాత్రం కప్పుతో కొలవకండి. గాలి చేరి పొంగుతుంది కానీ బరువు పెరగదు.

నెయ్యి దగ్గరికొచ్చేసరికి నేను తూకం వైపే. మిల్లీలీటరు నెయ్యి 0.91 గ్రామే. లీటరు నెయ్యి ప్యాకెట్ కిలో తూగదు, 905 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ధరలు పోల్చేటప్పుడు కూడా ఇది చూసుకోవాలి, ఒకటి లీటరు, ఇంకొకటి కిలో అయితే ఆ రెండూ సమానం కావు. మైసూర్‌పాక్‌కి 'కప్పు నెయ్యి' అని రాస్తారు. కరిగించి కొలవాలా, పేరుకున్నదాన్ని గరిటెతో కుక్కాలా? కరిగిన నెయ్యి 250 మి.లీ. అంటే 228 గ్రాములు. అలా గ్రాముల్లో రాస్తే పేరిన నెయ్యి అయినా కరిగిన నెయ్యి అయినా ఒకటే.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కండెన్స్‌డ్ మిల్క్‌తో. ఇది మిల్లీలీటరుకు దాదాపు 1.3 గ్రాములు. అమెరికా వంటకాల్లో '14 ఔన్సుల టిన్ను' అని ఉంటుంది. ఆ ఔన్సు బరువుది, ద్రవాలు కొలిచే ఔన్సు కాదు. నేను దాన్ని ద్రవపు ఔన్సులనుకుని 414 మి.లీ. కొలిచి పోశాను. అంటే 540 గ్రాములు! గుడ్డు లేని కేకు నడుమ కుంగిపోయి, తీపి మొహం మొత్తింది. నిజానికి కావలసింది 397 గ్రాములు, కొలిస్తే 300 మి.లీ. పైచిలుకే. మన దగ్గర దొరికే 400 గ్రాముల టిన్నుతో సరిగ్గా సరిపోతుంది.

పైగా ఇది కప్పుకి అంటుకుంటుంది, ఎంత గీకినా కొంత మిగిలిపోతుంది. అందుకే పిండి కలిపే గిన్నెనే కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, టిన్నులోంచి నేరుగా వంచుతున్నాను.