ఫామ్ ప్లాట్: ధర ఇంటి జాగాది, కాగితం పొలానిది

హైదరాబాద్ ఔటర్ దాటి చేవెళ్ల, శంకర్‌పల్లి, యాచారం, కడ్తాల్ ఏ దిక్కు పోయినా అవే బోర్డులు: 'ఐదు గుంటలు, శ్రీగంధం మొక్కలు, ఫెన్సింగ్, పాస్‌బుక్'. ఏదో ఒక కంపెనీ గురించి కాదు, పొలాన్ని చిన్న ముక్కలుగా కోసి 'ఫామ్ ప్లాట్' పేరుతో అమ్మే ఈ సరుకు గురించే ఈ సమీక్ష. ఐదు మార్కులకు ఒకటిన్నర ఇస్తున్నాం.

ముందు కొలత. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఐదు గుంటలంటే 605 గజాలు, దాదాపు 506 చదరపు మీటర్లు. మామిడిని పది మీటర్ల ఎడంతో పెడితే పట్టేది ఐదు చెట్లు. బ్రోచర్‌లో దీని పేరు 'మీ సొంత తోట'. ఇక ధర. లెక్క కోసం ఎకరం కోటికి కొన్నారనుకుందాం, గజం 2,066 పడింది. 15 శాతం బాటలకు పోగా మిగిలిన 4,114 గజాలను గజం 6,000 చొప్పున అమ్మితే రెండు కోట్ల 47 లక్షలకు కాస్త తక్కువ. మీ వెంచర్ అంకెలు పెట్టి మీరే చూసుకోండి. ఆ తేడాకు కొన్నవాళ్లకు ముట్టేది రాతి కడీలు, ముళ్లతీగ, మొరం బాట, ఓ పెద్ద గేటు.

అసలు మెలిక ఆ మొరం బాటలోనే ఉంది. హైదరాబాద్ చుట్టూ లేఅవుట్లకు అనుమతిచ్చే సంస్థ హెచ్‌ఎండీఏ. దాని అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, పార్కు జాగా గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు పోతాయి. పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏ దగ్గర తనఖాలో ఉంటాయి. ఫామ్ వెంచర్‌లో ఈ రెండూ లేవు. బ్రోచర్‌లో '30 ఫీట్ల రోడ్డు' అన్నది రికార్డులో ఇంకా పాత పట్టాదారు పొలమే. పదెకరాల్లో ఎనిమిదిన్నర ప్లాట్లుగా అమ్మితే మిగిలిన ఎకరంన్నర ఆయన పాస్‌బుక్‌లో అలాగే నిలిచి ఉంటుంది. రేపు వారసులు దాన్ని ఇంకొకరికి అమ్మి, కొన్నవాళ్లు మీ గేటు ముందు నాగలి పెడితే కోర్టుకెక్కడమే. హద్దుల్లో 'తూర్పు: 30 ఫీట్ల బాట' అని రాసి ఊరుకుంటే చాలదు. బాట ఏ సర్వే నంబరులో పోతోందో, వెడల్పు ఎంతో చెప్పి, వాడుక హక్కు మీకిస్తున్నట్టు దస్తావేజులో విడిగా రాయించుకోవాలి. బాట భూమి ఎవరి పేరున ఉందో వాళ్ల సంతకమూ పడాలి.

రిజిస్ట్రేషన్ ఎలా చేయిస్తున్నారన్నది రెండో సంగతి. తెలంగాణలో సాగుభూమికి తహసీల్దారు ఆఫీసు, ఇంటి జాగాకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. 2,000 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 20 గుంటల లోపు ముక్కల్ని ఫామ్ ప్లాట్లుగా అమ్మడం కుదరదని అధికారులు హెచ్చరించారు. దాంతో నలుగురైదుగురిని ఒకే దస్తావేజులో కట్టేసే పద్ధతి నడుస్తోంది. పాస్‌బుక్ ఉమ్మడిది, లోపలి హద్దులు నోటిమాటవి. ఒకరు అమ్ముకోవాలన్నా మిగతావాళ్లు సంతకానికి రావాలి, అందులో ఒకరు అమెరికాలో ఉంటారు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే నంబరు అడిగితే 'ఇది వ్యవసాయ భూమి సార్, వర్తించదు' అంటారు. అదే నోటితో క్లబ్ హౌస్ నమూనా చూపిస్తారు.

హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ మ్యాపులో చాలా చోట్ల ఈ పొలాలు కన్జర్వేషన్ (పరిరక్షణ) జోన్ రంగులో పడతాయి. నగరం అటు పాకకుండా ఆపాలనే ఆ రంగు వేశారు. అక్కడ ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు కాబట్టే పొలాన్ని పొలం పేరుతోనే ముక్కలు చేసి అమ్ముతున్నారు. కట్టిన గదికి అనుమతి ఉండదు, బ్యాంకు లోను రాదు.

మొక్కల మాట. శ్రీగంధం వేళ్లతో పక్క మొక్కను పట్టుకుని బతికే రకం. కందో, సరుగుడో పక్కన లేకపోతే ఎదగదు. చేవ పట్టడానికి పన్నెండు పదిహేనేళ్లు కావాలి. కంపెనీ నిర్వహణ మాత్రం మామూలుగా రెండు మూడేళ్లే. ఆ తర్వాత బోరునీటి ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి, సన్న పైపుల్ని ఉడతలు కొరికేస్తాయి, మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చు ఎవరిదన్న పంచాయితీ వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా వస్తుందని ఊరిస్తే నవ్వుకోండి. ఎకరాకు ఏడాదికి 12,000 లెక్కన ఐదు గుంటలకు 1,500. అదీ లేఅవుట్లుగా మారిన భూమికి ఇవ్వరు.

నష్టం కొన్నవాళ్లతో ఆగదు. ఫెన్సింగ్ వేసిన రోజే వెనక పొలాల రైతులకు బండ్ల బాట మూసుకుపోతుంది. చెరువులోకి నీళ్లు తెచ్చే ఒర్రెను మొరం పోసి చదును చేస్తే కింది ఆయకట్టు ఎండుతుంది. నీరు వేరే దారి వెతుక్కుని ఎవరి మడిలోనో పడుతుంది.

ఒకటిన్నర మార్కు ఎందుకంటే, 20 గుంటలకు పైగా, ప్రభుత్వ రోడ్డుకు ఆనుకుని, విడి సర్వే బై నంబరు (ఉప సంఖ్య), విడి పాస్‌బుక్, సొంత బోరుతో దొరికితే అది నిఖార్సైన పొలమే. నిజంగా పండించేవాళ్లు కొనొచ్చు. కొనేముందు ఈసీతో (పాత అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) పాటు పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటిదాకా రికార్డు వరుసగా చూడాలి. మధ్యలో అసైన్డ్, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి అని తగిలితే అక్కడే ఆగిపోండి, 1977 చట్టం కింద ఆ అమ్మకం చెల్లదు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) చూసి, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదిలి లెక్కపెట్టాలి. ఊరి నక్ష ప్రతి చేతిలో పెట్టుకుని, పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లండి. వాళ్లు కారు పెట్టి తీసుకెళ్లే వేసవి సైట్ విజిట్‌లో ఒర్రె కనబడదు, మొరం కింద ఉంటుంది.