ఏడేళ్లు వాడాక చెబుతున్నా: చేత్తో లాగే పైపు బెండింగ్ మిషన్, దాని సాగుడు లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. బస్సుల్లో పట్టుకునే హ్యాండిళ్లు, స్కూల్ వ్యాన్ల కిటికీ రాడ్లు, వెనక నిచ్చెనలు, పైన క్యారియర్లు చేస్తాం. 2018లో చేత్తో లాగే రోటరీ బెండింగ్ మిషన్ ఒకటి కొన్నాను. వంపు రేడియస్ ఇచ్చే గుండ్రటి అచ్చు, అంటే డై, దానికి పైపును బిగించే క్లాంపు, పక్క నుంచి అదిమిపట్టే షూ, అయిదడుగుల లివరు. ఇంతే మిషన్. పని ఉన్న రోజున ముప్పై నలభై వంపులు దీని మీదే పోతాయి.

అంతకు ముందు హైడ్రాలిక్ జాకీ బెండర్ ఉండేది. మందపాటి జీఐ పైపుకు దాన్ని మించింది లేదు కానీ, 16 గేజ్ (1.6 మి.మీ. గోడ) ట్యూబు పెడితే వంపు నడుమ చదునైపోయేది. ఇసుక దట్టించి, రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టి వంచేవాళ్లం. (వేడి చేసి వంచేవాళ్లు ఇసుకను బాగా వేయించి ఎండబెట్టాకే నింపండి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా వస్తుంది.) కొత్త మిషన్ వచ్చాక ఇసుక పని పోయింది. 25.4 మి.మీ. ట్యూబు 76 మి.మీ. రేడియస్ మీద ముడత లేకుండా, గుండ్రం చెడకుండా తిరుగుతుంది. ఆ విషయంలో దీనికి వంక పెట్టలేను.

ఇబ్బందంతా దాంతో ఇచ్చిన చార్టుతోనే వచ్చింది. ఏ రేడియస్‌కు ఎంత తగ్గించి కోయాలో అందులో ఉంది. ఆ లెక్కలో తప్పు లేదు. పైపు నడిగీత రేడియస్ 76 అయితే 90 డిగ్రీల వంపులో ఆ గీత పొడవు 76 × 1.5708 (పై విలువలో సగం), అంటే 119.4 మి.మీ. అదే మూల దాకా తిన్నగా వెళ్లి తిరిగితే 76, 76 కలిపి 152. తేడా 32.6. కాళ్ల పొడవులు నడిగీత మీద మూల దాకా కొలిచి కూడి, వంపుకు 32.6 చొప్పున తీసేస్తే కోయాల్సిన పొడవు వస్తుంది. చార్టు అక్కడితో ఆగిపోయింది. వంచేటప్పుడు పైపు సాగుతుందన్న మాట అందులో లేదు.

కొన్న మొదటి నెలలోనే ఒక బస్సు బాడీకి నలభై హ్యాండిళ్ల ఆర్డరు వచ్చింది. అడ్డం బయటి నుంచి బయటికి 400, కాళ్లు 150, రెండు 90 డిగ్రీల వంపులు. బయటి కొలతల్లోంచి ఒక్కో మూలకు 25.4 తీసి నడిగీతకు తెచ్చి, చార్టు ప్రకారం 584 కోసి, రెండో వంపు గుర్తు కూడా ముందే గీసి, నలభై ముక్కలూ వంచేశాం. బిగించడానికి వెళ్లిన కుర్రాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, ఒక పక్క బోల్టు పడుతోంది, రెండో పక్క పడట్లేదు." వెళ్లి టేపు పెడితే అడ్డం 402న్నర. రెండో కాలు కూడా రెండున్నర ఎక్కువ. కాలు పొడవైతే గ్రైండర్ పెట్టి కోసుకోవచ్చు. అడ్డం పొడవైతే చేసేదేముంది? ప్లేట్లలో రంధ్రాలు కోలగా తోడి, వాషర్లు వేసి బిగించాం. ఆ హ్యాండిల్ పట్టుకుని పిల్లలూ ముసలివాళ్లూ నిలబడతారు. దానికి అలా బిగించాల్సి వచ్చినందుకు ఇప్పటికీ బాధే.

ఆ సాయంత్రమే ఒక ముక్క తీసుకుని, పైన ఒక వరస, కింద ఒక వరస పది పది మి.మీ.లకు సూదితో గీతలు పెట్టాను. వంచాక వెర్నియర్‌తో కొలిస్తే బయటి వైపు పది కాస్తా 11.9కి దగ్గరగా ఉంది. లోపలి వైపు పది 8.5 అయింది. ఆ వంపును నిలువునా కోసి చూస్తే 1.6 ఉన్న గోడ బయటి వైపు 1.38 దగ్గరికి పలచబడింది, లోపలి వైపు మందమైంది. వెలుపల సాగడం, లోపల నలగడం అందరికీ తెలిసిందే. నాకు ఆ రోజు తెలిసింది ఏమిటంటే, ఆ రెండూ సమానం కావు. షూ వెనక్కి పట్టి ఉంచుతుంటే డై ముందుకు లాగుతుంది కాబట్టి సాగుడే ఎక్కువ. సాగకుండా నలగకుండా ఉండే గీత పైపు నడుమ ఉండదు, కాస్త లోపలికి జరుగుతుంది.

ఎంత జరిగిందో తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సరిగ్గా 600 మి.మీ. ముక్క కోయండి. కోసిన అంచున లేచిన బర్రు తీసేసి మళ్లీ కొలవండి. 90కి వంచండి. మూలమట్టం పెట్టి 90 అవునో కాదో చూడండి, ఒక డిగ్రీ తేడా ఉన్నా ఈ కొలత పనికిరాదు. ఆ తర్వాత ఒక్కో కాలిని చివర నుంచి రెండో కాలి బయటి వీపు దాకా కొలిచి కూడండి. సాగుడే లేకపోతే 600కి 32.6, బయటి వ్యాసం 25.4 కలిపి 658 రావాలి. నాకు 660.5 వచ్చింది. ఆ రెండున్నరే సాగుడు. అంటే వంపులోకి 119.4 బదులు 116.9 మి.మీ. ట్యూబే పోయింది. దాన్ని 1.5708తో భాగిస్తే 74.4. వంపు పొడవు లెక్కకు నా మిషన్ అసలు రేడియస్ ఇదే. మూల దాకా కొలిచే లెక్కకు మాత్రం 76నే ఉంచాలి. ఫోన్లోని యాప్‌లు వాడే కుర్రాళ్లు రెండు చోట్లా 74.4 కొట్టేసి మళ్లీ తప్పు చేస్తుంటారు, అందుకే ఇంతగా చెబుతున్నా.

ఆ హ్యాండిల్‌కే ఇప్పుడు 579 కోస్తున్నాం. రెండో వంపు గుర్తును రెండున్నర మొదటి వంపు వైపుకు జరుపుతాం. ఇన్నేళ్లలో ఆ సైజులో మళ్లీ ఒక్క రంధ్రం కూడా కోలగా తోడలేదు.

45 డిగ్రీల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. 90కి 32.6 కాబట్టి 45కి సగం, 16 అనుకుని కోసేవాళ్లను చాలామందిని చూశాను. లెక్క కడితే 45కి తీసేయాల్సింది 3.3 మాత్రమే. 30కి ఒక మి.మీ. కూడా ఉండదు. సాగుడు మాత్రం డిగ్రీలను బట్టి దాదాపు సమంగా తగ్గుతుంది, 45కి 1.2 వరకు. నిచ్చెన పైకొసలో రెండు 45లు వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే పైపు పొట్టిగా తెగుతుంది. పొడుగైతే కోసుకుంటాం, పొట్టిదైతే తుక్కులోకే.

ఈ రెండున్నర నా మిషన్‌ది, నేను వాడే 16 గేజ్ ట్యూబుది. మీకు వేరే రావచ్చు. షూకి గ్రీజు రాస్తే నాకే 1.8కి దిగింది, ఎండిపోయి దుమ్ము పట్టిన రోజున 3 దాటింది. అందుకే పొద్దున్నే తుడిచి గ్రీజు రాయనిదే లివరు ముట్టుకోనివ్వను. ట్యూబుల లోడు మారినప్పుడల్లా ఒక 600 ముక్క వంచి చూస్తాం. ట్యూబు వెల్డింగ్ కుట్టు పక్కకు వచ్చేలా పెడతాం, బయటి వైపు గానీ లోపలి వైపు గానీ రానివ్వం. లివరు వదలగానే వంపు కాస్త తెరుచుకుని వెనక్కి తన్నడం సంగతి వేరు, అది కోణాన్ని మారుస్తుంది: మామూలు ఇనుముకు 92 దాకా లాగితే 90 దగ్గర నిలుస్తుంది, 304 స్టెయిన్‌లెస్‌కు 94 దాకా వెళ్లాలి.

మిషన్ మన్నిక బాగుంది. ఫ్రేము వంగలేదు, డై గాడి అరగలేదు. షూ రెండుసార్లు మార్చాను. నడుమ పిన్ను బుష్ నాలుగో ఏడు వదులై కోణం డిగ్రీ అటూ ఇటూ అయ్యేది, లేత్ వాళ్ల దగ్గర గన్‌మెటల్ బుష్ చేయించాక కుదిరింది. డిగ్రీలు అంటించిన స్టిక్కరు ఆరు నెలలకే చెరిగిపోయింది. ఇది క్షమించలేని లోపం, ఆ అంకెలు ఇనుము మీద చెక్కి ఇవ్వాల్సింది. స్టెయిన్‌లెస్ మీద షూ గీతలు పడతాయి, పాలిష్‌కు అదనంగా కూలీ అవుతుంది. కొనేవాళ్లకు ఇంకో మాట: డై అడిగేటప్పుడు అంగుళం అని చెప్పి వదిలేయకండి. అంగుళం ట్యూబు బయట 25.4 ఉంటే, అంగుళం పైపు, అంటే 25 ఎన్‌బీ (నామినల్ బోర్, లోపలి వ్యాసాన్ని బట్టి పిలిచే సైజు), బయట 33.7 దాకా ఉంటుంది. బయటి వ్యాసం మి.మీ.ల్లో చెప్పండి.

సాగుడు లెక్కలు మాత్రం మిషన్ పక్కన గోడకు మేకు కొట్టి వేలాడదీసిన నోటుబుక్కులో ఉంటాయి. తేదీ, ట్యూబు సైజు, గేజ్, రేడియస్, 600 ముక్కకు వచ్చిన కూడిక. కొత్తగా చేరిన కుర్రాడు కూడా మార్కింగ్‌కు ముందు అందులో చూసుకుంటాడు. పోయిన వారం వచ్చిన లోడుకు 660.9 వచ్చింది, 2.9 అని రాశాం. 38 మి.మీ. డై ఒకటి ఆర్డరు పెట్టాను. దాని కోసం 600 ముక్కలు రెండు ఇప్పటికే కోసి పక్కన పెట్టాం.