కాఫ్కా కనెక్ట్‌తో ఆరేళ్ల కాపురం

"కోడ్ రాసే పనే లేదు, ప్రాపర్టీలు నింపితే చాలు" అని ఆశపెట్టి ఆరేళ్ల కిందట మా టీమ్‌కి కాఫ్కా కనెక్ట్ అప్పగించారు. కాఫ్కా అంటే సిస్టమ్‌ల మధ్య డేటా రికార్డులు చేరవేసే సాఫ్ట్‌వేర్, డేటాబేస్‌ల్లాంటి వాటిని దానికి తగిలించే భాగం కాఫ్కా కనెక్ట్. అప్పటిదాకా డేటాబేస్‌లోంచి కాఫ్కాలోకి రికార్డులు ఎక్కించడానికి జావాలో సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ ఒకటుండేది, అది రాసినాయన బెంగళూరు వెళ్లిపోయాడు, తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాబట్టి కొత్తది రాగానే ఎగిరి గంతేశాం. ఇప్పుడు నలభై చిల్లర కనెక్టర్లు (ఒక్కోటీ ఒక సిస్టమ్‌ని కాఫ్కాకి కలిపేది) నడుపుతున్నాం. ఐదుకి ఎంతిస్తావంటే నాలుగు ఇస్తాను, పోయిన ఆ ఒక్క మార్కూ ప్రాపర్టీల, అంటే సెట్టింగుల, దగ్గరే పోయింది, రివ్యూలో ఎక్కువ భాగం కూడా వాటి గురించే.

ముందు మంచి చెప్పేస్తాను. 2015లో కాఫ్కా 0.9 వెర్షన్‌తో మొదలైంది, అపాచీ వాళ్ల ఓపెన్ సోర్స్, కాఫ్కాతోనే కలిసి వస్తుంది కాబట్టి దీన్ని విడిగా కొనక్కర్లేదు. 8083 పోర్ట్‌లో రెస్ట్ ఏపీఐ (వెబ్ రిక్వెస్టులతో ఆదేశాలు పంపే దారి) ఉంటుంది, ఒక జేసన్ ఫైల్ రాసి దానికి పంపితే కనెక్టర్ లేచి కూర్చుంటుంది. కనెక్టర్ క్లాస్ పేరు, డేటాబేస్ అడ్రస్, యూజర్, పాస్‌వర్డ్, ఏ టేబుల్, ఏ కాలమ్ చూసి కొత్త రోలు (టేబుల్‌లో వరుసలు) కనిపెట్టాలి, టాపిక్ (కాఫ్కాలో రికార్డులు చేరే చోటు) పేరుకు ముందు ఏం తగిలించాలి, అంతే, పది లైన్లు దాటదు. మొదటిసారి పెట్టిన రోజు టీ చల్లారేలోపే రికార్డులు టాపిక్‌లో కనబడ్డాయి. కాన్ఫిగ్ (మనం నింపిన ప్రాపర్టీలు), ఆఫ్‌సెట్లు (ఎక్కడిదాకా చదివిందో ఆ గుర్తులు), స్టేటస్ మూడూ కాఫ్కా టాపిక్‌లలోనే దాచుకుంటుంది కాబట్టి ఒక వర్కర్ (కనెక్టర్లని నడిపే) మెషీన్ పడిపోయినా దాని పనిని మిగతా వర్కర్లు పంచుకుంటాయి. ఈ విషయంలో నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

గొడవంతా ఆ పది లైన్లలో మనం రాయని వాటితోనే. రాయని ప్రతి ప్రాపర్టీకీ ఒక డీఫాల్ట్, అంటే మనం చెప్పకపోతే అదే తీసుకునే విలువ, ఉంటుంది, ఆ డీఫాల్ట్ పెట్టినవాళ్లు మన ఊరినీ మన డేటాబేస్‌నీ ఎప్పుడూ చూసి ఉండరు.

ఉదాహరణకి నా నిర్వాకం ఒకటి. ఒక క్లయింట్‌కి జేడీబీసీ సోర్స్ కనెక్టర్‌ని (డేటాబేస్‌లోంచి కాఫ్కాలోకి తెచ్చేది) టైమ్‌స్టాంప్ మోడ్‌లో పెట్టాను, అంటే చివరిగా మారిన టైమ్ ఉండే కాలమ్ చూసి కొత్త రోలు లాక్కోవాలి. శనివారం ప్రొడక్షన్‌కి ఎక్కించి హాయిగా పడుకున్నాను. సోమవారం పొద్దున వాళ్ల ఆపరేషన్స్ మేనేజర్ ఫోన్: "ఏమండీ, పది గంటలకు పడిన ఆర్డర్ ఇంకా రాలేదు." చూస్తే ఎర్రర్ లేదు, కనెక్టర్ పచ్చగా నడుస్తోంది, టేబుల్‌లో రో ఉంది, టాపిక్‌లో లేదు. నెట్‌వర్క్ వాళ్లని తిట్టాం, డీబీఏని (డేటాబేస్ చూసుకునేవాణ్ని) అనుమానించాం, వర్కర్లు రీస్టార్ట్ చేశాం. మధ్యాహ్నం మూడున్నరకు ఆ ఆర్డర్ దానంతటదే దిగింది. పదిన్నర ఆర్డర్ నాలుగింటికి దిగింది. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న మా జూనియర్ మెల్లగా అన్నాడు, "అన్నా, తేడా కరెక్ట్‌గా ఐదున్నర గంటలు." అప్పుడు వెలిగింది. డీబీ.టైమ్‌జోన్ అని ఒక ప్రాపర్టీ ఉంది, రాయకపోతే యూటీసీ, మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైమ్. వాళ్ల టేబుల్‌లో టైమ్‌లన్నీ ఐఎస్‌టీ (మన టైమ్), పైగా జోన్ సమాచారం లేని కాలమ్. కనెక్టర్ లెక్కలో ఇప్పుడు టైమ్ తెల్లవారుజాము నాలుగున్నర, రోలో పది అని ఉంది, భవిష్యత్తులో జరగబోయే ఆర్డర్ కదా అని పాపం ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఏషియా/కోల్‌కతా అని ఒక్క లైన్ చేరిస్తే అయిపోయింది. టెస్ట్‌లో దొరకలేదేమంటే, అక్కడున్న డేటా అంతా పాత రోజులది, పాత రోలకు ఈ తేడా అసలు తగలదు. డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రాపర్టీ గురించి స్పష్టంగానే రాసి ఉంది, చదవనిది నేనే.

రెండోది ఎర్రర్స్.టాలరెన్స్. దీని డీఫాల్ట్ నన్, అంటే ఒక్క చెడ్డ రికార్డు తగిలినా టాస్క్ (కనెక్టర్ కింద అసలు పని చేసే భాగం) ఆగిపోతుంది. రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చి నాలుగుసార్లు లేచాక విసుగొచ్చి ఆల్ అని మార్చేశాను, అలర్టులు ఆగాయి, నిద్ర పట్టింది. నెలాఖరులో లెక్కలు కలవలేదు! ఆల్ అని పెట్టి ఊరుకుంటే జేసన్‌గా చదవడానికి కుదరని రికార్డులన్నీ చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది, ఎందుకంటే ఆ ఎర్రర్లని లాగ్‌లో రాసే ప్రాపర్టీ కూడా డీఫాల్ట్‌గా ఫాల్సే. సింక్ కనెక్టర్ (కాఫ్కాలోంచి బయటికి రాసేది) అయితే ఆల్ పెట్టే ప్రతిచోటా డెడ్ లెటర్ క్యూ (చెడ్డ రికార్డుల్ని పక్కన పెట్టే) టాపిక్ పేరు కూడా ఇచ్చి తీరాలి, హెడర్లలో ఎర్రర్ కారణం రాసే ప్రాపర్టీ కూడా ట్రూ చేసుకోవాలి, లేకపోతే చెడ్డ రికార్డు చేతికొచ్చినా ఎందుకు చెడిందో అర్థం కాదు. సోర్స్ కనెక్టర్లకి ఈ క్యూ లేదు, అది గుర్తుంచుకోండి. ఇంకో తిరకాసు, ఆ క్యూ టాపిక్ రెప్లికేషన్ ఫ్యాక్టర్ (ఎన్ని కాపీలు ఉంచాలో) డీఫాల్ట్ 3, మీ డెవ్ మెషీన్‌లో బ్రోకర్ (కాఫ్కా సర్వర్) ఒక్కటే ఉంటే టాపిక్ క్రియేట్ అవ్వదు, క్యూ పెట్టిన పాపానికి టాస్క్ ఫెయిల్ అవుతుంది. అక్కడ 1 అని మార్చుకోవాలి.

స్టేటస్ విషయానికొస్తే, కనెక్టర్ రన్నింగ్ అని చూపిస్తూనే దాని కింద టాస్క్ ఫెయిల్డ్ అని ఉంటుంది. ఇల్లు నిలబడే ఉంది, ఇంట్లో మనుషులే లేరు. మానిటరింగ్‌లో టాస్క్ స్టేటస్ చూడాలి, ఫెయిలైన టాస్క్ దానంతటదే తిరిగి లేవదు, మనమే లేపాలి. కాఫ్కా 3.0 నుంచి ఫెయిలైన వాటినే రీస్టార్ట్ చేసే సౌకర్యం ఇచ్చారు, అది బాగుంది.

టాస్క్స్.మ్యాక్స్ గురించి మేనేజర్లకి ఒక్కమాట. పది అని పెడితే పదింతలు స్పీడ్ రాదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఒక్క టేబుల్ చదివే జేడీబీసీ సోర్స్‌కి పది ఇచ్చినా ఒకటే టాస్క్ పనిచేస్తుంది. సింక్ అయితే టాపిక్‌లో ఉన్న పార్టిషన్ల (టాపిక్‌ని విడగొట్టిన భాగాల) సంఖ్య దాటాక మిగతా టాస్కులు ఖాళీగా కూర్చుంటాయి.

పాస్‌వర్డ్ నేరుగా కాన్ఫిగ్‌లో రాయకండి. లాగ్‌లో దాన్ని దాచిపెడుతుంది కానీ రెస్ట్ ఏపీఐలో కాన్ఫిగ్ అడిగితే ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది. ఫైల్ కాన్ఫిగ్ ప్రొవైడర్ పెట్టుకుని పాస్‌వర్డ్‌ని సర్వర్ మీద వేరే ఫైల్‌లో ఉంచి, కాన్ఫిగ్‌లో ఆ ఫైల్ దారీ అందులోని కీ పేరూ మాత్రం రాయండి. అరగంట పని.

నాకు నిజంగా ఒళ్లు మండేది స్పెల్లింగ్ సంగతి. ప్రాపర్టీ పేరులో ఒక్క అక్షరం తప్పు రాశారనుకోండి, ఎర్రర్ రాదు. వాలిడేట్ చేసే ఏపీఐ ఉంది, అది తనకు తెలిసిన ప్రాపర్టీల విలువల్ని చక్కగా తనిఖీ చేస్తుంది, తెలియని పేరు కనబడితే మాత్రం తనకేం పట్టనట్టు ఊరుకుంటుంది. పోల్ ఇంటర్వల్ నిమిషానికి ఒకసారి ఉండాలని 60000 పెట్టాం, పేరులో ఒక ఎల్ ఎక్కువ పడింది, అది కాస్తా డీఫాల్ట్ 5000 మిల్లీసెకన్ల మీదే నడిచింది. "ఐదు సెకన్లకోసారి మీ క్వెరీ నా నెత్తిన పడుతోంది సార్" అని డీబీఏ వచ్చి మొత్తుకునేదాకా మాకు తెలియలేదు. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఈ పేరు నాకు తెలియదు అని చెప్పడానికి ఏం అడ్డం?

ఇంకోటి, కాన్ఫిగ్ మార్చడానికి రెస్ట్ ఏపీఐకి పుట్ రిక్వెస్ట్ పంపితే పాతది మొత్తం పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది, మీరు తిరిగి పంపని లైన్లన్నీ గల్లంతు. కాఫ్కా 3.8లో మార్చిన లైన్ మాత్రమే పంపే ప్యాచ్ రిక్వెస్ట్ వచ్చింది, ఆ వెర్షన్‌కి వెళ్లినవాళ్లు అదృష్టవంతులు.

ఎవరికి బాగుంటుందంటే, ఇప్పటికే కాఫ్కా నడుపుతూ డేటా ఇటు నుంచి అటు చేరిస్తే చాలు అనుకునేవాళ్లకి కళ్లు మూసుకుని తీసుకోమంటాను. మధ్యలో నాలుగు సిస్టమ్‌లని అడిగి, లెక్కలు కట్టి, షరతులు చూసి పంపాలంటే దీంతో పెట్టుకోకండి. ఇందులోని ట్రాన్స్‌ఫార్మ్‌లు (దారిలో రికార్డుని మార్చే సౌకర్యం) ఒక్కో రికార్డుని విడిగా సవరించడం వరకే.

ఆ పది లైన్ల కాన్ఫిగ్ ఇప్పుడు మా దగ్గర ముప్పైకి పైగా లైన్లు అయింది, మాకు ముఖ్యమైన డీఫాల్ట్‌లన్నీ చేత్తో రాసి పెట్టుకున్నాం. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి చూసి "సార్, ఇందులో సగం డీఫాల్టే కదా, తీసేయనా?" అంది. వద్దమ్మా అన్నాను. ఏ లైన్ ఎందుకుందో పక్కన రాద్దామంటే జేసన్‌లో కామెంట్ పెట్టే వీల్లేదు. అందుకని నోట్.టైమ్‌జోన్ అని లేని ప్రాపర్టీ ఒకటి పుట్టించి, దాని విలువగా ఆ సోమవారం కథ రెండు ముక్కల్లో రాశాను. తెలియని పేరే కదా, కనెక్టర్ కిక్కురుమనలేదు.