కర్నూలులో ఒక రక్తపరీక్షల ల్యాబ్: ప్లేట్‌లెట్ల లెక్క దగ్గర మా అనుభవం

ఎనిమిదో నెలలో ఉన్న మా చెల్లెలికి ప్లేట్‌లెట్లు 82 వేలేనని రిపోర్టు రాగానే, డెంగ్యూ రోజులు గుర్తొచ్చి మా అమ్మ బొప్పాయి ఆకుల కోసం బయలుదేరబోయింది (గర్భిణికి ఆ రసం పట్టవద్దని డాక్టరు గట్టిగానే చెప్పారు). మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఈ కణాలు నెలలు నిండేకొద్దీ కొంత తగ్గడం సహజమేననీ, లక్షకు పైన ఉండి రక్తపోటు, కాలేయ పరీక్షలు సరిగా ఉంటే సాధారణంగా కాన్పు తర్వాత అవే సర్దుకుంటాయనీ, 82 వేలను మాత్రం నిర్ధారించుకోవాలనీ డాక్టరు వివరించారు.

గాయత్రీ ఎస్టేట్ వైపున్న ఆ ల్యాబ్‌కే తిరిగి వెళ్లి అడిగితే, పాథాలజిస్టు స్వయంగా గాజుపలక మీద రక్తపు పూత చూసి, ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇ.డి.టి.ఎ. అనే రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కున్నాయనీ, వాటిని యంత్రం లెక్కించలేకపోయిందనీ సూక్ష్మదర్శినిలో మాకే చూపించారు. అదే పనికి సిట్రేట్ ద్రవం వాడే నీలిరంగు మూత గొట్టంలో మళ్లీ రక్తం తీసి, వచ్చిన 1,20,000ను ఆ ద్రవం కలిసి రక్తం పలచబడినందుకు 1.1తో హెచ్చించి 1,32,000గా రాసిచ్చారు.

ఆ ఓపికకు నా మెప్పు. కాని పూత చూడకుండానే మొదటి రిపోర్టు చేతిలో పెట్టడం, రెండోసారి కూడా డబ్బు తీసుకోవడం, నిండు గర్భిణిని రెండు గంటలు ఇనుప బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. అయిదుకు మూడు నక్షత్రాలు.